ఇంటిస్థలమును పనిస్థలమును

(విశ్వబ్రాహ్మణ సంఘ వార్షిక మహాసభ సందర్భమున నంద్యాలలో చేయబడిన యుపన్యాసము)



ఈ వేదికపై నాకు ముందు మాటలాడినవారు శిల్పాచార్యులు, ఉపాధ్యాయులు, శాస్త్రము చదివినవారు. నేనన్ననో, ఇతరుల నేలను గజముల లెక్కను అమ్మించి, అమ్మినవారివద్ద నొకపాలు, కొన్నవారివద్ద నొకపాలు పుచ్చుకొని బ్రదుకువాడను. మావంటివారిని ఎదుట 'మధ్యవర్తిగా'రనియు, మొగము చాటుకాగానే 'బ్రోక'రనియు పిలుచుట నంద్యాలలో నాచారము. మా తండ్రి వడ్రంగి. నేను బాడిస విడిచి టేపు పట్టినవాడను. ఇట్టివానికి మహాసభలో పనియేమని మీలో కొందఱకు తోచియుండవచ్చును. నాకును తోచినది. కాని మన కార్యదర్శిగారు, 'ఏటేట విద్యను గూర్చి విందుము, వివాహములను గూర్చి విందుము. మనవారి సొమ్ము నిజముగ మునుగుచున్నది స్థలములలో. దానిని గూర్చి తెలిసినవాడొకడు చెప్పవలదా?' యని నన్ను నిర్బంధించిరి. కావున తెలిసినంత చెప్పెదను. చెప్పుటలో నా తప్పొకటి బయటపెట్టవలసి యున్నది. దానిని దాచిన యెడల మిగిలిన మాటలకు విలువ యుండదు.

ముందుగా శుభవార్తలు. కనుమ గడచినది మొదలు అహోబల నరసింహస్వామి పారువేటకు బయలుదేరి, ఆళ్లగడ్డ చుట్టుపట్ల గ్రామములన్నియు నలుబది దినములకు పైబడి తిరిగి, తన కల్యాణమునకు జనులను తానే స్వయముగా పిలిచి వచ్చినాడు. ఫాల్గుణ బ్రహ్మోత్సవములైనవి. వేపచెట్లు పూచినవి, ఉగాది పచ్చడి తింటిమి. రాబోవు వైశాఖ శుద్ధ దశమికి కందిమల్లాయపల్లెకు బండ్లు కట్టుట యొకప్పటి మాట. ఇప్పుడు బస్సులు మాటలాడుకొనుచున్నారు. ఆళ్లగడ్డలో రహదారి కిరుప్రక్కల ఉలిచప్పుడు తెల్లవాఱకముందే మొదలగుచున్నది. వేసవిలో ప్రతిష్ఠలు పెట్టుకొన్న దేవళములవారు విగ్రహములకై తొందరపెట్టుచున్నారు. నంది లేని శివాలయమును, ఆంజనేయుడు లేని ఊరును మనదేశమున లేవు గనుక ఆళ్లగడ్డవారికి పనిలేని దినమును లేదు. ఆళ్లగడ్డ రాతిశిల్పమునకు భౌగోళిక సూచికయను గుర్తింపు లభించియుండుట మనకందఱకును గర్వకారణము. పరుల రాతిబొమ్మను ఆళ్లగడ్డ బొమ్మయని పేరుపెట్టి యమ్ముటకు చట్టము సమ్మతింపదు. ఆ హక్కును కాపాడుకొనుట మనచేతిలోనే యున్నది.

వసంతమునకును మా వ్యాపారమునకును గల సంబంధము మీరు గమనించితిరో లేదో! నల్లరేగడిలో శనగ కోత ముగిసి రైతు చేతికి సొమ్ము వచ్చు కాలమిదియే. పెండ్లి ముహూర్తములు వచ్చుటయు నిప్పుడే. రైతు చేతిలో రూపాయి ఆడినచో కంసాలికి పని, వడ్రంగికి పని, కమ్మరికి పని. కావున మనవారి చేతిలోను నాలుగు రూపాయలు నిలుచునది యీ రెండు మూడు మాసములే. సరిగా నప్పుడే పంటకోసిన పొలములలో రంగురంగుల జెండాలు మొలచును. తెల్లసున్నము పూసిన రాళ్లు వరుసలు తీరును. ఒక గుడారము, రెండు కుర్చీలు, చల్లని మజ్జిగ, రంగుల పటము. ఉగాది తగ్గింపు అను పలక. ఆ మజ్జిగ నేనును పోయించినవాడనే.

నంద్యాల ఎదుగుచున్నదనుట యబద్ధము కాదు. 2022 సంవత్సరము ఏప్రిలు 4వ తేదీన, ఉగాది గడచిన రెండుదినములకు, మన యూరు జిల్లాకేంద్రమయ్యెను. అంతకు పూర్వము కలెక్టరుతో పనిబడిన ఆళ్లగడ్డవాడు నంద్యాల దాటి కర్నూలు పోవలసినవాడు. నేడు మధ్యాహ్నపు భోజనమునకు ఇల్లు చేరుచున్నాడు. 2016లో ఎఱ్ఱగుంట్లకు రైలుమార్గము తెఱచిరి. బనగానపల్లె, కోవెలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు దానిచే మనకు చేరువయ్యెను. 2023 సెప్టెంబరు 15వ తేదీన ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమయ్యెను. కర్నూలు కడప రహదారి నాలుగు వరుసలుగా మన యెదుటనే సాగిపోవుచున్నది. ఇన్ని వచ్చినచోట నేల వెలపెరుగకుండునా? నూనెపల్లె యొకప్పుడు ఊరిబయట, నేడు ఊరిలోనిది. అయ్యలూరు మెట్ట పేరు చెప్పినచో మా వృత్తివారు కనురెప్ప వేయరు. మనవారిలో కూలిపనికి వచ్చి, మూడుసెంట్ల స్థలము కొని, దానిమీద రెండంతస్తులు లేపి, క్రింది భాగమున దుకాణము పెట్టుకొన్న కంసాలి కుటుంబములు నా యెఱుకలోనే కొన్ని గలవు. వారిని చూచి సంతోషించుచున్నాను. మీరును కొనుడు. కొనవలదని చెప్పుటకు రాలేదు. అద్దెయింటిలో కొలిమి పెట్టనిచ్చువాడు లేడు, సుత్తి చప్పుడును ఓర్చువాడు లేడు. మన వృత్తులవారికి సొంతనేల యితరులకంటె నెక్కువ యవసరము.

ఇక నా తప్పు సంగతి. ఇది జరిగి పదేండ్లు దాటినది.

ఆళ్లగడ్డలో నాకు వరుసకు చిన్నాయన యగు నొక శిల్పి గలడు. పేరు చెప్పవద్దనినాడు, చెప్పను. రహదారి ప్రక్కన ఆయనకు తాతలనాటి పనిస్థలము పండ్రెండు సెంట్లు. చిన్నకూతురి పెండ్లికని దాచిన సొమ్మును, ఒక దేవళమువారిచ్చిన బయానాయు గలిపి, నంద్యాల వెలుపల కొత్తగా వేసిన లేఔటులో ఐదుసెంట్లు కొన్నాడు. కొనిపించినవాడను నేను. రెండేండ్లలో రెట్టింపగును, అప్పుడమ్మి పెండ్లి ఘనముగా చేయుమని చెప్పినవాడను నేను. స్థలము వేసిన ఆసామి నూఱురూపాయల స్టాంపుకాగితముమీద ఒప్పందము వ్రాసి యిచ్చి, రిజిస్ట్రీ ఆఱునెలలలో చేయింతునని చెప్పెను. నాకు ముట్టిన కమీషను ఇరువదివేలు.

ఆఱునెలలు ఏడాదియైనది. నేనే పూనుకొని సబురిజిస్ట్రారు కార్యాలయమునకు పోయి విచారింపగా, ఆ సర్వే నెంబరు నిషిద్ధభూముల పట్టికలో నున్నది. పూర్వమెప్పుడో ప్రభుత్వము భూమిలేని పేదకు సాగుచేసికొమ్మని యిచ్చిన డి.కె.టి. పట్టా భూమి యది. 1977 నాటి చట్టము ప్రకారము అట్టి భూమిని అమ్ముటయు కొనుటయు ఆనాడు చెల్లకుండెను. ఈ సంగతి తెలిసికొనుటకు నాకు పట్టినది అర్ధదినము. కొనిపించుటకు ముందే యా అర్ధదినము నేనేల వెచ్చింపలేదని యిప్పటికిని నన్ను నేను ప్రశ్నించుకొనుచున్నాను. ఉత్తరము తెలిసినదే. వెచ్చించినచో ఇరువదివేలు రాకపోవును.

చెప్పుటకు ఆళ్లగడ్డ పోతిని. ఆయన యొక నందికి గంటలపట్టెడ చెక్కుచున్నాడు. అంతయు విని ఉలి దించలేదు. కొంతసేపటికి, 'రాయి కొనేముందు మనమేమి చేస్తాము రా అబ్బీ?' యని యడిగినాడు. 'సుత్తితో కొట్టి చూస్తాము చిన్నాయనా' యంటిని. 'ఎందుకు?' 'లోపల చీలిక యుంటే గణగణ మోగదు, బండచప్పుడు వస్తుంది.' 'రాయిని కొట్టి చూచే విద్య నాకు తెలుసు. నేలను కొట్టి చూచే విద్య నీకు తెలుసు. నీ విద్య నాకెందుకు పనికిరాలేదు?' ఇంతకంటె నొక్కమాట యాయన యనలేదు. తిట్టినయెడల నాకు సులభముగా నుండెడిది.

కమీషను తిరిగి యిచ్చివేసితిని. అది గొప్ప కాదు. స్థలము వేసినవాడు ఊరు విడిచెను. పెద్దమనుష్యులను పెట్టి, మాటిమాటికి తిరిగి, రెండేండ్లకు సొమ్ములో సగము రాబట్టగలిగితిమి. నడుమ పెండ్లి ఆగునా? పండ్రెండు సెంట్ల పనిస్థలములో ఆఱుసెంట్లు, రోడ్డువైపు సగము, ఒక బండ్ల దుకాణమువానికి అమ్మి పెండ్లిచేసినాడు. ఇప్పుడు మిగిలిన ఆఱుసెంట్లలోనికి పెద్దరాయి దింపుటకు క్రేను తిరుగదు. ఎనిమిది అడుగులకు మించిన విగ్రహము ఒప్పుకొనలేడు. ఐదుసెంట్ల ఆశ ఆయన చేతిపనిని కుఱచచేసినది. సోదరులారా! పోయిన డబ్బును మరల సంపాదింపవచ్చును. రహదారిమీది పనిస్థలము పోయినచో, నేటి వెలలకు మనవాడు తిరిగి కొనలేడు. ఈ యొక్క సంగతి చెప్పుటకే నేనీ వేదిక యెక్కితిని.

ఆనాటినుండి నేను నేలను కొట్టి చూచియే చూపుచున్నాను. ఆ విద్యను మీకును చెప్పివేసెదను. నా వ్యాపారమునకు నష్టమైనను సరే.

స్థలము చూచుటకు పోవునప్పుడు మనవారు మొట్టమొదట అడుగునది ఈశాన్యము పెరిగినదా, వీథిపోటు కలదా యని. అడుగుడు, వాస్తు మన యింటివిద్య, కాదనుటకు నేనెవడను? కాని ఈశాన్యము సరిగానుండి సర్వే నెంబరు సరిగా లేనిచోట ఏ దిక్కున ద్వారము పెట్టినను మీరు లోపలికి పోజాలరు. అమ్మువానికి ఆ భూమి యెట్లు వచ్చినది? అతనికి అమ్మినవానికెట్లు వచ్చినది? ఇట్లు ముప్పదియేండ్లు వెనుకకు పోవు దస్తావేజుల గొలుసును చూడవలయును. దానినే లింకు డాక్యుమెంట్లందుము. గొలుసులో ఒక్క కడియము లేకున్నను అడుగవలసినదే. కంసాలులకు నేను గొలుసు సంగతి చెప్పుట హాస్యాస్పదము! ఆపై సబురిజిస్ట్రారు కార్యాలయమున ఎన్‌కంబరెన్సు సర్టిఫికేటు పుచ్చుకొనినచో ఆ స్థలముమీద తాకట్టులు, పూర్వపు విక్రయములు తెలియును. రిజిస్టరు కాని అప్పులు, నోటిమాట పంపకములు అందులో కనబడవు. అందులకు ఊరిలో నలుగురిని విచారింపవలసినదే. పొలమైనచో అడంగలు, 1-బి చూడవలయును. పేరు వేఱు, అనుభవము వేఱుగా నున్నచో ఆగుడు. పాతరికార్డులలో హక్కుదారుని పేరుండవలసిన చోట చుక్కలు మాత్రమే పెట్టిన భూములు గలవు. వానిని చుక్కల భూములందురు. వానికొఱకు 2017లో ప్రత్యేకముగా చట్టమే చేయవలసివచ్చెను. దేవాలయపు ఇనాములు, చెఱువు, వాగు, శ్మశానము, రస్తా పోఱంబోకులు, డి.కె.టి. భూములు వీనిలో ప్రభుత్వమువారు 22-ఏ పట్టికలో చేర్చినవానికి రిజిస్ట్రీ జరుగదు. మా చిన్నాయన కొన్నదియు నట్టిదే.

రిజిస్ట్రీ జరిగినంతమాత్రమున నిశ్చింతయని యనుకొనువారు చాలమంది గలరు. అదియు భ్రమయే. మన దేశమున రిజిస్ట్రారు దస్తావేజును రిజిస్టరుచేయును, హక్కునకు పూచీపడడు. హక్కునకే ప్రభుత్వము పూచీపడునని చెప్పుచు భూహక్కుల చట్టమొకటి తెచ్చిరి. 2023 చివర దానిని అమలులోనికి తెచ్చిరి. జనులలో గొప్ప కలవరము పుట్టెను. 2024లో శాసనసభ దానిని రద్దుచేసెను. దాని మంచిచెడ్డలు రాజకీయులకు వదలుదము. మనకు తేలినదేమనగా, పాతపద్ధతియే నిలిచినది, కొనువాడే చూచుకొనవలయును.

లేఔటులో కొనువారికి 2016 నాటి స్థిరాస్తి నియంత్రణచట్టము, అనగా రెరా, గొప్ప అండ. 500 చదరపు మీటర్లకు మించిన లేఔటు వేయువాడు దానిని రిజిస్టరు చేయింపనిదే ప్రకటన చేయరాదు, బయానా పుచ్చుకొనరాదు. రిజిస్టరైన ఒప్పందము వ్రాయనిదే వెలలో పదవవంతునకు మించి తీసికొనరాదు. అట్టి స్థలములనమ్మించు నావంటి మధ్యవర్తియు రిజిస్టరు చేయించుకొనవలయును. కనుక ఇకమీదట మజ్జిగ త్రాగుటకు ముందు 'నీ నెంబరు చెప్పు, నీ లేఔటు నెంబరు చెప్పు' మని యడుగుడు. ముఖము చిట్లించువాని మజ్జిగ వలదు.

ఒక చిన్నలెక్క. ఎకరమనగా నూఱుసెంట్లు, 4840 చదరపుగజములు. సెంటునకు నలుబదియెనిమిది గజములు, చిల్లర. రోడ్లు, తోటకు విడువవలసిన స్థలము పోగా సక్రమముగ వేసిన లేఔటులో ఎకరమునకు సగమో, సగమునకు కొంత పైమాటో అమ్మకమునకు మిగులును. ఇది మా వృత్తిలో నందఱకును తెలిసినదే. ఎవడైన ప్రక్కవాని కంటె సగము వెలకే యిత్తుననినచో, వాడు దానధర్మములు చేయుచున్నాడని యనుకొనవలదు. రోడ్డుకు విడువవలసినదానినే మీకమ్ముచున్నాడో యేమో చూడుడు.

కాగితములలో నుండని సంగతి యొకటి కలదు, నీరు. నంద్యాలకు కుందూనది, మద్దిలేఱు, చామకాలువ మూడును తోడబుట్టినవారివలె వచ్చును. వేసవిలో వానిని చూచినవాడు పిల్లలాడుకొను ఇసుకయని యనుకొనును. 2019 సెప్టెంబరున కురిసిన వానలకు నల్లమలనుండి దిగిన నీరు మహానంది క్షేత్రమునే ముంచి, కుందూ పొంగి కోవెలకుంట్లవైపు ఊళ్లను చుట్టుముట్టినది మఱచితిమా? మేము స్థలములు చూపునది చైత్రవైశాఖములలో. నీరు తన దారి చూపునది భాద్రపదములో. కావున వసంతమున నచ్చిన స్థలమును వర్షర్తువునందు మరల నొకమాఱు చూచి కొనుడు. లేదా ఆ పొలమున ఎడ్లు తోలిన ముసలివానిని, 'తాతా, ఇక్కడ నీరెంతవఱకు నిలిచినది?' యని యడుగుడు. ఆయన మోకాలు చూపునో, నడుము చూపునో, దానినిబట్టి వెల కట్టవచ్చును. ఇల్లు కట్టువారు మన నల్లరేగడిని గూర్చియు తెలిసియుండవలయును. వానకు ఉబ్బును, ఎండకు బీటలువాఱును. పైపై పునాదులువేసినచో మూడవయేటికి గోడలే పంచాంగమువలె గీతలు చూపును. మేస్త్రీ యెంత చెప్పినను పునాదివద్ద ఆదాచేయకుడు.

అమ్మలకును అక్కచెల్లెండ్రకును సంబంధించిన మాటయు చెప్పవలయును. ఇది మన ఇండ్లలో ఎవ్వరును పైకి చెప్పరు. పిత్రార్జితమైన యిల్లమ్మునప్పుడు అన్నదమ్ములు సంతకములుచేసి ఆడుబిడ్డను పిలువరు. 'పెండ్లికి పెట్టినాము గదా' యందురు. మన రాష్ట్రమున పెండ్లికాని కుమార్తెలకు సమభాగమిచ్చు సవరణ 1985 సెప్టెంబరు 5 నుండి అమలులోనికి వచ్చెను. 2005లో దేశమంతటికి చేసిన సవరణ పెండ్లియైనవారికిని దానిని వర్తింపజేసెను. 2020 ఆగస్టు 11వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము, ఆ హక్కు పుట్టుకతోనే వచ్చునది, 2005 నాటికి తండ్రి బ్రదికియుండెనా లేదా యనుదానితో నిమిత్తము లేదని తేల్చెను. చెల్లెలి సంతకములేని యింటిని కొన్నవాడు వ్యాజ్యమును కొన్నవాడు. నేను మధ్యవర్తిగా పోయినచోట ఆడుబిడ్డలను ముందు పిలిపించుచున్నాను. ఇందువలన రెండు బేరములు చెడిపోయినవి. ఒకచోట మాత్రము, ఇరువదియేండ్లు పుట్టింటి గడప త్రొక్కని యొక తల్లి సంతకమునకై వచ్చి, సంతకము పెట్టి, భాగము వద్దని, అమ్మచేసిన పాలవెల్లి పీటనొకటి యడిగి తీసికొనిపోయినది. ఆనాడు నాకు కమీషను రాలేదని చింత కలుగలేదు.

మన పల్లెలలోని గ్రామకంఠపు ఇండ్లకు తరతరములుగా కాగితమే లేదు. 2020లో కేంద్రప్రభుత్వమువారు స్వామిత్వయను పథకమును, అదే సంవత్సరము డిసెంబరులో మన రాష్ట్రమువారు రీసర్వేను మొదలుపెట్టిరి. కొలతలకు వచ్చునాడు ఇంటివద్ద నుండుడు. ఉలిపనికి పోయి ప్రక్కవానిని నిలుచుండుమనినచో హద్దులు ప్రక్కవాడు చూపినట్లే పడును. తప్పు పడినచో సవరింపుమని అర్జీ పెట్టుకొనుటకు వెఱవకుడు.

ఇక పనిస్థలముల సంగతి. ఆళ్లగడ్డలో రోడ్డుప్రక్క స్థలములకు నేడు పలుకు వెలలు వినినచో ఉలి జాఱిపోవును. దుకాణములవారు, హోటళ్లవారు వచ్చి యడుగుచున్నారు. అమ్మివేసి ఊరిలోపలికి పోదమా యని ముగ్గురు నలుగురు నన్నే సలహా యడిగిరి. ఊరిలోపల రాతిదుమ్మును, యంత్రపు కోతచప్పుడును ఇరుగుపొరుగు సహింతురా? మొదటినెలలోనే మునిసిపాలిటీకి అర్జీ పోవును. దేశదేశములనుండి విగ్రహమునకు వచ్చువాడు కారు దిగి చూచునది రోడ్డుప్రక్క నిలిచిన బొమ్మనే, సందులో వెదకడు. కనుక నా మనవి యేమనగా, రోడ్డుమీద నున్నవారు ఎట్టి కష్టము వచ్చినను దాని ముఖభాగమును మాత్రము అమ్మకుడు. తప్పనిసరియైనచో వెనుకభాగమును కౌలునకిండు, అమ్మకుడు. ముందు మన సంఘమునకు తెలియజేయుడు. మనలో కొనగలవాడొకడుండవచ్చును, అప్పుడు స్థలము చేయి మాఱినను ఉలి మాఱదు.

స్థలము లేనివారు, మా చిన్నాయనవలె స్థలము కుఱచయైనవారు, పదిమంది కూడి రెండుమూడెకరములు రహదారికి కొంచెము లోపలగా కొనవచ్చును. సిరివెళ్ల ఆళ్లగడ్డల నడుమ వెదకినచో దొరుకకపోదు. పదిమంది పేర్లమీద దస్తావేజు వ్రాసికొన్నచో పదేండ్లకు పదిమంది వారసుల తగవులు వచ్చును. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము క్రింద సంఘముగా రిజిస్టరై, సంఘము పేర నేలకొని, సభ్యులకు పనిహక్కు మాత్రమిచ్చుట మంచిది. క్రేను ఒకటి చాలును, కోతయంత్రమొకటి చాలును, దుమ్ము నందఱును పంచుకొందురు. ఒప్పుకొనని పెద్దలు కొందఱు గలరు. 'పదిమంది కంసాలులు ఒకచోట కూడినచో పదునొకండు మతము'లని యొక పెద్ద నా మొగముమీదనే నవ్వినాడు. నవ్వనిండు. వీరబ్రహ్మేంద్రస్వామివారు బనగానపల్లెలో అచ్చమ్మగారి పసులు గాచి, కందిమల్లాయపల్లెలో చేతిపనిచేసికొని బ్రదికిరని మనము చెప్పుకొందుము. ఆయన చుట్టు చేరినవారిలో అన్నికులములవారు నుండిరి. మనమొక్క కులమువారము రెండెకరములమీద చేరజాలమా?

2023 సెప్టెంబరు 17వ తేదీన, విశ్వకర్మ జయంతినాడు, కేంద్రప్రభుత్వము మొదలుపెట్టిన విశ్వకర్మ పథకమున కమ్మరి, వడ్రంగి, కంసాలి, శిల్పి మొదలుగా పదునెనిమిది చేతివృత్తులవారిని చేర్చిరి. పనిముట్లకు పదునైదువేలు, పూచీకత్తులేక మొదట లక్షయు, అది తీర్చినపిమ్మట రెండులక్షలును, నూటికి ఐదు వడ్డీకి అప్పుగా నిచ్చునట్లు ఏర్పాటుచేసిరి. అది పనికిచ్చిన సొమ్ము. ఆ లక్షను తెచ్చి నావద్ద స్థలమునకు బయానాగా పెట్టవచ్చినవారిని నేను తిరుగగొట్టితిని, ఇకమీదటను తిరుగగొట్టెదను. స్థలము నెలనెల వాయిదాకు పైకమును పుట్టించి యీయదు. క్రొత్తరంపము పుట్టించును.

నా వంతుగ నొక యేర్పాటు చేయదలచితిని. సంఘకార్యాలయమున నాకొక బల్ల యిచ్చెదమని కార్యదర్శిగారు సెలవిచ్చిరి. ప్రతి యాదివారము ఉదయము పదిగంటలకు అక్కడ కూర్చుందును. మన బంధువులలో రిజిస్ట్రీశాఖలో పనిచేసి విశ్రాంతినొందిన యొక పెద్దమనిషియు, ఒక న్యాయవాదియు వంతులవారీగ రా నంగీకరించిరి. స్థలము కొనదలచినవారు బయానా ఇచ్చుటకు ముందు కాగితముల నకళ్లు తెండు. అసలు దస్తావేజులు ఎవరిచేతికిని, నా చేతికిని ఈయకుడు. రుసుము లేదు. మేము బాగున్నదని చెప్పిన స్థలమును నాద్వారా కొనవలెనను నియమమును లేదు; ఆ బల్లవద్ద చూచిన కాగితముల బేరములో నేను కమీషను పుచ్చుకొననని మీ యెదుట ప్రమాణము చేయుచున్నాను. కార్యదర్శిగారు దీనిని సభాచర్యలలో వ్రాసికొన ప్రార్థితులు.

ఆళ్లగడ్డ చిన్నాయన యీ సభలోనే, వెనుకవరుసలో నున్నాడు. నేటి యుదయము బస్సు దిగగానే నన్ను చూచి, 'కూతురి కొడుకు ఉలి పట్టినాడురా' యని చెప్పినాడు. ఆ బాలునికి క్రేను తిరుగునంత చోటు కావలయును. రెండెకరముల సంగతి మాటలాడదలచినవారు భోజనానంతరము మంటపమునకు కుడివైపునున్న వేపచెట్టుక్రింద కూడవలయునని కోరుచున్నాను. ఇప్పటికి ఏడుగురు పేర్లిచ్చిరి.